అర అగ్గిపుల్ల కొలతకు ఐదు ట్యాంకులు

మా అక్క కొడుకు పట్టాళంలో చేరతానన్న రోజు నేను వాణ్ణి చెప్పుతో కొట్టాను. వాడికి అప్పటికి ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. మీసం వచ్చిన మగవాడు, రేపో మాపో నా కూతురి మెడలో తాళి కట్టాల్సిన వాడు. పత్తి ఏరుతున్న ఆడవాళ్లంతా చూస్తుండగా కొట్టాను. వాడు తిరగబడలేదు. కిందపడిన చెప్పు తీసి, మట్టి దులిపి, నా కాలి దగ్గర పెట్టాడు. దానికి నాకు ఇంకా మండింది.

"నువ్వు పోలేదా మామా?" అన్నాడు.

"పోయినాను. పోయి చూసినాను గనక తా వద్దంటాండాను."

"నువ్వు చూసినావు. నేను చూడొద్దా?"

మాది కడంబూరు పక్కన నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం; మాటను నొక్కి చెప్పడానికి మేము వాడే 'తా' కూడా అరవమే. మా అక్క పాతికేళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుని, ఈ ఒక్క కొడుకుతో మా ఇంటికి వచ్చేసింది. వాడు పుట్టిన కొన్నేళ్లకు నా కూతురు పుట్టింది. పుట్టిన రోజే అక్క దాన్ని ఒళ్లోకి తీసుకుని ఇది నా కోడలంది. అంతే, ఆ మాటకు తిరుగు లేదు. వాడు పెరిగి పెద్దవాడై కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కంపెనీలో మందు ముంచే పనికి కుదిరాడు. పుల్లలు గుచ్చిన చట్రాన్ని పళ్లెంలో కరిగిన మందులో ముంచి తీయాలి; చెయ్యి ఏమాత్రం వణికినా తలలు వంకరవుతాయి. వాడి చెయ్యి వణికేది కాదు. అంత నిలకడైన చేతులు నేను మళ్లీ ఎవరికీ చూడలేదు.

అవి ముప్ఫైల చివరి రోజులు. మళ్లీ యుద్ధం వస్తుందని కోవిల్‌పట్టి స్టేషన్ దగ్గర కాఫీ కొట్లో పేపరు పైకి చదివేవాళ్లు. వాడు అక్కడే నిలబడి వినేవాడట. పట్టాళంలో లారీలు నడపడం నేర్పిస్తారట, బూట్లు ఇస్తారట. అన్నీ అట.

నేను పోయింది అంతకు ముందు యుద్ధానికి. ఫ్రాన్సులో కంచరగాడిదలు తోలే పని. ఫిరంగి గుండ్లు మోసుకుని ముందుకు పోవడం, చచ్చిన గాడిదల పట్టీలు కోసుకుని వెనక్కి రావడం. ఇంటికి వచ్చి ఇరవై ఏళ్లయినా వెనకనుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే, తిరిగే లోపల నా పిడికిలి వాళ్ల మొహం మీద ఉండేది. మా ఊళ్లో ఇద్దరికి పళ్లు రాలాయి. నన్ను పేరు పెట్టి దూరం నుంచి పిలిచి, నేను చూశాక దగ్గరికి రావడం అందరికీ అలవాటైపోయింది. నా పెళ్లాం కూడా అలాగే వచ్చేది.

ఆ మాసి నెలలోనే విరుదునగరం నుంచి ఒక పత్తి మండీ యజమాని మా ఇంటికి వచ్చాడు. ఆ మరుసటి నెల, పంగుణిలో, అక్కడ అమ్మవారి పొంగలికి పెద్ద ఎగ్జిబిషన్ పెడతారు. పోయిన ఏడు ఎవరో ఆనకట్ట బొమ్మ కట్టారట, జనం విరగబడి చూశారట. ఈ ఏడు యుద్ధం బొమ్మ కావాలట. నేను తీరిక రోజుల్లో కిరసనాయిలు డబ్బాలు కోసి దీపాలు, రైలింజన్లు చేస్తానని, యుద్ధం కథ చెబితే ఊరంతా కూర్చుని వింటుందని అతనికి ఎవరో చెప్పారు. "నువ్వు చూసిన ఆ ఇనపబండ్లనే చెయ్యి, ఉన్నది ఉన్నట్టు" అన్నాడు. ట్యాంకులన్నమాట.

నేను ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో సూటిగా చెబుతాను. చెప్పుతో కొడితే ఆగని వాణ్ణి చేతులతో చేయించి ఆపాలనుకున్నాను. తెగిన కాళ్లు, బయటపడ్డ పేగులు, బురదలో తొక్కుడుపడ్డ మొహాలు అన్నీ వాడి చేతే మట్టితో చేయిస్తే, నెల తిరిగేసరికి వాడికే కడుపులో తిప్పుతుందని నా లెక్క. కంపెనీకి సెలవు పెట్టమన్నాను. పెట్టాడు. సంతోషంగా పెట్టాడు.

కొలతలు నా దగ్గర ఉన్నాయి. ఫ్రాన్సులో ఒకసారి రెండు రోజులపాటు, చచ్చిన ట్యాంకు ఒకదాని చాటున నక్కి ఉన్నాను. లోపల కాలిపోయిన మనుషుల వాసన. గుండ్లు పడుతున్నప్పుడు పిచ్చెక్కకుండా దాన్ని నా మోచేత్తో కొలుచుకుంటూ పాకాను. పదిహేడు మూరల పొడవు, ఐదు మూరల పైన ఎత్తు. ఆ అంకెలు నా బుర్రలోంచి పోలేదు. కొలబద్ద మాకు లేదు. ఇంటినిండా వాడు తెచ్చిన అగ్గిపుల్లలు ఉన్నాయి. మూరకు అర పుల్ల అని పెట్టుకున్నాం. రేకు కోయడం, మాటు పెట్టి అతకడం నాది. చక్రాల మీద తిరిగే పట్టాలను, బావి నీళ్లు తోడే పాత కపిలె తోలుకు రేకు ముక్కలు కుట్టి వాడు చేశాడు. ఇనప మేకుల తలల్లాగ కనబడడానికి లక్కలో ఆవగింజలు ఒక్కొక్కటే అద్దాడు. ఒక ట్యాంకుకు ఎన్ని వందలు పట్టాయో వాడికే తెలియాలి.

మూడు ట్యాంకులు అయ్యాక పుల్లలు అయిపోతే, సాత్తూరు నుంచి వచ్చిన వేరే కంపెనీ పుల్లలు వాడాం. తక్కిన రెండూ పూర్తయి, ఐదింటినీ వరసగా పెట్టి చూస్తే కడపటి రెండూ కురచ! ఆ కంపెనీవాళ్లు చెక్క మిగుల్చుకోవడానికి పుల్లను పొట్టిగా కోస్తారు. ఈ సంగతి రోజూ అగ్గిపుల్లలతోనే బతికే వాడికి తెలియదా? పదిహేను రోజుల పని. నేను రేకు కత్తెర విసిరాను. వాడి చెవి పక్కనుంచి పోయి కుండకు తగిలి, కుండ పగిలి, నీళ్లు వంటింట్లోకి పారాయి. నా కూతురు తలుపు చాటునుంచి ఒక్క కేక పెట్టి నోరు మూసుకుంది. వాడు మాత్రం కదలలేదు. నీళ్లలో తడిసిన ఆ రెండు ట్యాంకుల్నీ తుడిచి, బల్ల మీద వెనక మూలకు జరిపాడు.

"చిన్నవాటిని వెనక పెట్టు మామా. దూరంగా వస్తాండే మాదిరి ఉండాది, చూడు."

చూశాను. నిజంగానే దూరాన్నుంచి వస్తున్నాయి. రేకు, తోలు, ఆవాలు అని తెలిసి కూడా నా చేతులు బల్ల అంచును పట్టుకున్నాయి. వాడి మీదికి కత్తెర విసిరినందుకు సిగ్గుపడాల్సింది. నేను పడలేదు, ఆ ట్యాంకుల్ని చూస్తూ నిలబడ్డాను.

యుద్ధభూమికి మా చేనులోని నల్లమట్టినే తడిపి పోశాం. ఫ్రాన్సు మట్టి నల్లగా ఉండదు, కానీ మాకు మట్టి అంటే అదే. ఎండకు అది అర అడుగు లోతున పగిలి, గుండ్లు పడ్డ నేల లాగే తయారైంది. పొగకు మా పత్తి. ఇక మనుషులు. బొటనవేలంత మనుషుల్ని నేను చెబుతుంటే వాడు చేశాడు. సాయంత్రాలు ఊళ్లో వాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. గాయపడ్డ వాళ్లను దించిన కందకం మీదుగా ట్యాంకు దాటడం చెప్పాను. అంచు విరిగి లోపలికి జారినప్పుడు వచ్చిన చప్పుడు నోటితో చేసి వినిపించాను. ముళ్లకంచెలో చిక్కి రెండు రోజులు బతికిన వాడి గురించి, వాడి నోట్లో ఈగల గురించి చెప్పాను. ఎట్టయాపురం వైపునుంచి నాతోపాటు వచ్చిన నా జతగాడి గురించి కూడా చెప్పాను. తొడకు దెబ్బ తగిలి దారిలో పడ్డాడు. మన ట్యాంకే వాడి మీదుగా పోయింది. లోపలి వాడికి కింద ఏముందో కనబడదు. నడుము కింద భాగమంతా నేలలో కలిసిపోయింది, పైన మాత్రం మనిషి అలాగే ఉన్నాడు, తలగుడ్డ కూడా ఊడలేదు. మధ్యాహ్నం దాకా అమ్మను పిలిచాడు. అరవంలో పిలిచాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇట్లనా మామా?" అని వాడు మట్టిబొమ్మను ఎత్తి చూపించాడు. "చెయ్యి ఇంకా కొంచెం మెలి తిరగాలనా?"

తిరగాలన్నాను. తిప్పాడు. అచ్చు గుద్దినట్టు వచ్చింది. వాడి కడుపులో ఏమీ తిప్పినట్టు కనబడలేదు. చిన్నపిల్లలు అమ్మోరి కథ వినేటప్పుడు ఉండే వెలుగు వాడి కళ్లలో ఉంది. ఇంకా భయంకరంగా చెప్పాలి కాబోలనుకుని, ఇంకా భయంకరంగా చెప్పాను.

పంగుణిలో అన్నిటినీ గడ్డిలో చుట్టి, రైల్లో విరుదునగరం చేర్చి, పందిట్లో అమర్చాం. అక్క కూడా వచ్చింది, చంకలో ఒక పుంజును పెట్టుకుని. మా వైపు కొత్త బండి దిగినా, కొత్త కపిలె కట్టినా ముందు నెత్తురు చూపించాలి. లేకపోతే అది మనుషుల నెత్తురు అడుగుతుందని నమ్మకం. "ఇనపబండ్లు తమ్ముడా, ఊరికే విడిచిపెడతావా?" అంది. సరే, ప్రారంభం రోజు పొద్దున్నే, కమిటీ వాళ్లు రాకముందే కానిద్దామన్నాను. ముందు ట్యాంకు మీదికి పుంజును వంచి ఒక్క వేటుతో తల తీశాను. కాళ్లు కట్టలేదు. అది మరిచాం.

తల లేని పుంజు నా చేతిలోంచి జారి యుద్ధంలోకి దూకింది. ఒక కొస నుంచి ఇంకో కొసకు పరుగెత్తింది. సైనికులు వరసలు వరసలుగా పడ్డారు. కంచెలు లేచిపోయాయి. ఒక ట్యాంకు పక్కకు ఒరిగి పట్టా తెగింది. రెక్కలు కొట్టుకుంటూ అది కందకంలో పడి, అక్కడున్న గాయపడ్డ వాళ్ల మీద గిలగిల కొట్టుకుని చచ్చింది. నల్లమట్టిలో నెత్తురు కనబడలేదు కానీ, పొగకు పెట్టిన పత్తి మొత్తం ఎర్రబడింది. అక్క నోట్లో కొంగు కుక్కుకుంది. పందిరి బయట అప్పటికే చేరిన జనం ఈలలు వేశారు. మండీ యజమాని పరుగున వచ్చి కడిగెయ్యమన్నాడు. మా వాడు అడ్డం నిలబడ్డాడు.

"వద్దు మామా, కడగొద్దు. ఇప్పుడు తా నిజంగా ఉండాది."

జనం కూడా కడగొద్దన్నారు. అలాగే ఉంచాం. ఆ ఎర్ర పత్తిని చూడడానికి శివకాశి నుంచి కూడా బళ్లు కట్టుకుని వచ్చారు.

మా పందిరికి నాలుగు గుంజల అవతల పట్టాళం వాళ్ల గుడారం ఉంది. ఒక హవల్దారు, ఒక మేజాబల్ల, ఒక జెండా. అది అక్కడ ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ట్యాంకుల్ని రైలు కిందే పడేసేవాణ్ణి. రెండు రోజులు వాడి మీద కన్ను వేసే ఉంచాను. మూడో రోజు జనానికి కథ అరిచి అరిచి చెప్పి నా గొంతు పోయింది. కాఫీ తాగి వద్దామని వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి పందిరి ముందు తోసుకుంటున్నారు. లోపలినుంచి నా గొంతు వినబడుతోంది. తమాషా కాదు, నా గొంతే. నేను ఎక్కడ ఆగుతానో అక్కడ ఆగి, ఎక్కడ గుటక వేస్తానో అక్కడ వేసి, బెత్తం పట్టుకుని మా వాడు అరవంలో కథ చెబుతున్నాడు. కందకం విరిగే చప్పుడు నోటితో చేశాడు. జనం వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు వచ్చారు. నా జతగాడి దగ్గరికి వచ్చాడు. నడుము కింద ఏమీ లేదు, తలగుడ్డ మాత్రం ఊడలేదు అని చెప్పి, చిన్నగా నవ్వాడు. జనం కూడా నవ్వారు. వాడు ఎందుకు నవ్వాడా అని కోపం వచ్చింది, మరుక్షణమే తెలిసింది. అక్కడ నేను నవ్వుతాను. ఇరవై ఏళ్లుగా, ఆ మాట చెప్పిన ప్రతిసారీ, నేను అక్కడ నవ్వుతూనే ఉన్నాను.

నేను వాణ్ణి భయపెడుతున్నాననుకున్నాను. వాడికి ఊహ తెలిసిననాటినుంచి ఊరిస్తున్నాను. నాకు ఆ కథ చెప్పడం ఇష్టం. చెప్పేటప్పుడు నా ఒంట్లో వయసు తిరిగి వస్తుంది. ఇది ఒప్పుకోవడానికి నాకు ఆ పందిరి గుంజ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

కథ అయిపోగానే ఏడెనిమిది మంది కుర్రాళ్లు నేరుగా హవల్దారు గుడారం వైపు నడిచారు. వాళ్ల ముందు మా వాడు ఉన్నాడు. పేరు ముందురోజే నా కన్నుగప్పి ఇచ్చేశాడట. మర్నాడు పది గంటలకు మదురై నుంచి డాక్టరు వస్తాడు, పరీక్షలో నెగ్గిన వాళ్లు ఆ మధ్యాహ్నం రైలుకే పోవాలి. అక్క అక్కడే మట్టిలో కూలబడింది. "తమ్ముడా, నువ్వు తా నిలుపల్ల" అంది. నేనే ఆపాలట.

మర్నాడు పొద్దున, డాక్టరు రావడానికి గంట ముందు, పందిట్లో మేమిద్దరమే ఉన్నాం. పుంజు తొక్కిన ట్యాంకు పట్టా సరిచేయాలి, పోయేలోగా చేసి ఇస్తానన్నాడు వాడు. రేకును దాగలి మీద పెట్టి, కుడి చూపుడువేలితో అదిమి పట్టుకున్నాడు. నేను సుత్తె ఎత్తాను. ఆ వేలు లేకపోతే తుపాకి లేదు. తుపాకి లేకపోతే పట్టాళం లేదు. అంత స్పష్టంగా నా జీవితంలో ఇంకేదీ ఆలోచించలేదు.

వేలి మీద కొట్టాను. గోరు పక్కకు ఎగిరింది. ఎముక విరిగిన చప్పుడు నాకు తెలుసు, నేను కథల్లో చేసే చప్పుడుకన్నా చిన్నగా ఉంటుంది. వాడు అరవలేదు. చెయ్యి తీసుకోలేదు కూడా. నా మొహంలోకి చూశాడు. నేను సుత్తె మళ్లీ ఎత్తి, ఈసారి ఇంకా బలంగా కొట్టాను.

ఒక దెబ్బ అయితే చెయ్యి జారిందని చెప్పుకోవచ్చు. రెండు కొట్టాను. మొదటిది వాణ్ణి ఆపడానికి. రెండోది ఆపడానికి కాదు. రెండోది కొట్టేటప్పుడు నాకు బాగుంది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఆస్పత్రిలో ఆ వేలిని మొదటికంటా తీసేశారు. పక్క వేలు వంగదు. హవల్దారు గుడ్డ చుట్టిన చెయ్యి చూసి, పేరు కొట్టేసి, మేజా మీది ఈగను తోలుకున్నాడు. ఎలా జరిగిందని అందరూ అడిగారు. "మామ చేతిలో సుత్తె జారిపోయింది" అని వాడే చెప్పాడు. అడిగిన ప్రతివాళ్లకీ అదే మాట. అక్క నా రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది. మా యుద్ధానికి మొదటి బహుమతి అని కమిటీ వాళ్లు ఒక వెండి గిన్నె ఇచ్చారు.

వాడు తిరిగి మందు ముంచే పనికి పోలేకపోయాడు. చట్రం నిలవలేదు. కోవిల్‌పట్టిలోనే అగ్గిపెట్టెల మూటలు బండికెత్తే పని చూసుకున్నాడు. ఇంటికి వచ్చినా నాతో మాట్లాడేవాడు కాదు. నేనూ పలకరించలేదు. బతికి ఉన్నాడు కదా, చాలు అనుకునేవాణ్ణి. మా ఊళ్లో పేరు ఇచ్చిన వాళ్లలో ఇద్దరు వెళ్లారు కూడా. నేను చేసింది తప్పు కాదనుకోవడానికి ఆ ఇద్దరి పేర్లు రోజూ తలుచుకునేవాణ్ణి.

రెండు నెలలకు, వైకాసిలో, పెళ్లి పెట్టాం. ఆ సంబంధం వద్దని వాడు అంటాడేమోనని భయపడ్డాను, అనలేదు. ముహూర్తానికి గట్టిమేళం మొదలైంది. వాడు నా కూతురి మెడలో తాళి వేసి, ముడి వెయ్యబోయాడు. పసుపుతాడు ఆ మొండి దగ్గర నిలవక జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ జారింది. నాదస్వరం వాళ్లు ఊపిరి బిగబట్టి వాయిస్తూనే ఉన్నారు. అక్షింతలు పట్టుకున్న చేతులన్నీ గాల్లో ఆగిపోయాయి. వాడి నుదుటి మీద చెమట కారి కంట్లో పడుతోంది. అప్పుడు నా కూతురు తలెత్తకుండానే చెయ్యి వెనక్కి పెట్టి, తాడు కొసను రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుంది. మూడు ముళ్లూ అలాగే పడ్డాయి.

తరవాత ఇద్దరూ వచ్చి నా కాళ్లకు మొక్కారు. కూతుర్ని లేపి, వాణ్ణి లేపడానికి వంగాను. రెండు నెలల తరవాత నాతో మొదటిసారి మాట్లాడాడు. గొంతు పెంచలేదు. పక్కనున్న నా కూతురికి మాత్రం వినబడింది.

"మొదటి దెబ్బ ఎందుకో నాకి అప్పుడే తెలిసింది మామా. దానికి నేను ఏమీ అనను. అది పడినాక చెయ్యి ఎందుకి తియ్యలేదో తెలుసునా? నువ్వు నిలుపుతావని."

నా కూతురు నా మొహంలోకి చూసింది. నేను జారిందని చెబుతానని ఎదురుచూసింది. నేను చెప్పలేదు. కొంగుతో మొగుడి నుదురు తుడిచి, వాడి కుడిచెయ్యి పట్టుకుని, నన్ను దాటుకుని పెళ్లిపందిట్లోకి తీసుకుపోయింది.